వీధిలో దొరికిన ముఖాలు

క్రిందటి సంచికలో ఆవకాయ జాడీల గురించి రాస్తే చాలామంది ఉత్తరాలు రాశారు. ఇంకో వంటకం సంగతి రాయమని అడిగినవాళ్లే ఎక్కువ. ఈసారికి క్షమించాలి. ఈసారి తిండి సంగతి కాదు, ఫొటోల సంగతి.

మన ఇళ్లలో అటక మీదో, బీరువా అడుగు అరలోనో ఒక పాత ఆల్బం ఉంటుంది. నల్లటి దళసరి పేజీలు, ఫొటో నాలుగు మూలలా అంటించిన చిన్న త్రికోణాలు, పేజీకీ పేజీకీ మధ్య పల్చటి కాగితం. తీరిక చేసుకుని దింపి చూడండి. అందులో ఎవరెవరున్నారు? పెళ్లిపీటల మీద తాతయ్య, నానమ్మ. స్టూడియోలో రంగులు వేసిన పరదా ముందు చేతికర్ర పట్టుకుని కుర్చీలో కూర్చున్న ముత్తాత. ఆయన పక్కన చిన్న బల్ల, దాని మీద కాగితం పూలు. తరువాత అన్నప్రాశనలు, ఒడుగులు, షష్టిపూర్తులు. అందరూ కొత్తబట్టల్లో ఉంటారు. అందరూ ఊపిరి బిగబట్టి, ఎదురుగా ఎవరో గదమాయిస్తున్నట్టు చూస్తూ ఉంటారు.

వాళ్లు రోజూ నడిచిన వీధి మాత్రం ఆ ఆల్బంలో ఎక్కడా కనబడదు.

మగ్గాల పని కోసం షోలాపూరు వచ్చినవాళ్లూ, బంగారు గనుల్లో కూలికి కోలారు వెళ్లినవాళ్లూ, నూలు మిల్లుల కోసం బొంబాయి చేరినవాళ్లూ, బరంపురంలో తరతరాలుగా పట్టు నేస్తున్నవాళ్లూ మన పెద్దలే. వాళ్ల ముఖాలు మనకు మిగిలాయి. వాళ్లు బిందెలు పెట్టి వరస కట్టిన కుళాయి, షిఫ్టు దిగాక టీ తాగిన అంగడి, సాయంత్రాలు ఆడవాళ్లు కూర్చుని బియ్యం ఏరుకున్న అరుగు మిగలలేదు. ఎందుకు మిగలలేదో ఊహించడం కష్టం కాదు. ఫొటో అంటే డబ్బుతో పని. డబ్బు పెట్టి తీయించుకునేది శుభకార్యానికే గాని, కుళాయి దగ్గర బిందెల వరసకి ఎవరు తీయించుకుంటారు?

అలాంటివి పనిగట్టుకుని తీసేవాళ్లు కొందరున్నారు. ఎవరూ అడగకపోయినా, ఎవరూ డబ్బివ్వకపోయినా, కెమెరా భుజాన వేసుకుని వీధులు తిరిగేవాళ్లు. వీధి ఫొటోగ్రాఫర్ అనగానే మనలో కొంచెం వయసైనవాళ్లకి తాలూకాఫీసు ముందు మూడుకాళ్ల మీద పెట్టె నిలబెట్టి, నల్లగుడ్డలో తల దూర్చి, కాసేపట్లో తడితడిగా ఉన్న ఫొటో చేతిలో పెట్టే మనిషి గుర్తుకొస్తాడు. ఆయన వేరు. ఆయన దగ్గరికి మనం వెళతాం. నేను చెబుతున్నవాళ్లు మన దగ్గరికి వస్తారు, చాలాసార్లు మనకు తెలియకుండానే. వాళ్లకు ముందుగా ఏదీ సిద్ధమై ఉండదు. వెలుతురు వాళ్ల చెప్పుచేతల్లో ఉండదు. మనుషులు నిలబడమన్నచోట నిలబడరు. ఉన్నది ఉన్నట్టు దొరకబుచ్చుకోవాలి, దొరికింది ఒక బొమ్మలాగా కుదరాలి. ఈ రెండూ ఒక్క క్షణంలో జరగాలి. వందసార్లు తీస్తే ఒకటి నిలిస్తే గొప్ప.

ముంబైలో ఉన్న పాఠకులకు చర్చిగేట్ స్టేషన్ గురించి వేరే చెప్పక్కర్లేదు. పొద్దున్న పూట ఒక్కో లోకల్ వచ్చి ఆగగానే ప్లాట్‌ఫారం మీదికి మనుషులు గంపలోంచి గింజలు ఒలికినట్టు ఒలుకుతారు. 1995లో రఘు రాయ్ అక్కడ ఒక బొమ్మ తీశారు. కెమెరా కన్ను తెరుచుకుని మూసుకునే వ్యవధిని ఆయన కావాలని పెంచారు. అలా పెంచితే కదిలేవన్నీ అలికినట్టు, పొగలాగా పడతాయి, కదలనివి మాత్రం గీత గీసినట్టు నిలుస్తాయి. బొమ్మలో జనం ఏరులాగా పారుతూ ఉంటారు. ఒక్కరి ముఖమూ ఆనవాలు కట్టలేం. ఆ ప్రవాహం మధ్యలో కదలకుండా పేపరు చదువుకుంటున్న కొద్దిమంది మాత్రం స్పష్టంగా ఉంటారు. ప్రపంచం ఎటు పోతేనేం, వాళ్లకు ఆ పేజీ పూర్తి కావాలి.

ఆ స్టేషన్లో ముప్ఫయ్యేళ్లుగా రైలెక్కి దిగుతున్నవాళ్లు మన సంఘంలోనే ఎందరో ఉన్నారు. ఆ బొమ్మ చూసినప్పుడు మనం రోజూ ఈదుతున్నది ఇదా అనిపిస్తుంది. నాకు ఈ కళలో నచ్చేది అదే. కొత్త చోటు చూపించడం తేలిక. టిక్కెట్టు కొనుక్కుంటే కొత్త చోటు ఎవరైనా చూస్తారు. రోజూ చూసే చోటుని మళ్లీ చూసేలా చెయ్యడానికి వేరే దినుసు కావాలి.

రఘు రాయ్ 1942లో ఇప్పటి పాకిస్తాన్‌లోని ఝంగ్‌లో పుట్టారు. చదివింది సివిల్ ఇంజనీరింగు. అన్నగారు ఎస్. పాల్ అప్పటికే పేరున్న ఫొటోగ్రాఫర్. 1960ల మధ్యలో ఒక పల్లెలో ఈయనకు ఒక గాడిద పిల్ల కనబడింది. దగ్గరికి వెళితే అది పరుగెత్తింది, ఈయన వెంటపడ్డారు. పల్లె పిల్లలకు అది మంచి వినోదమైంది. చివరికి గాడిద పిల్ల అలిసిపోయి నిలబడితే బొమ్మ తీశారు. దాన్ని అన్నగారు లండన్‌లోని టైమ్స్ పత్రికకు పంపితే వాళ్లు వేశారు. ఇంజనీరు ఉద్యోగం అక్కడితో సరి. 1972లో పద్మశ్రీ వచ్చింది. 1977లో మాగ్నమ్ అనే అంతర్జాతీయ ఫొటోగ్రాఫర్ల సంస్థలోకి హెన్రీ కార్టియే బ్రెస్సాఁ స్వయంగా ఆయన పేరు ప్రతిపాదించారు. గాడిద పిల్ల వెంట పరుగెత్తిన ఓపికే ఆయన పనిలో తరువాత కూడా కనిపిస్తుందని నా ఉద్దేశం.

ఈ ఊరి మనిషే కేతకీ శేఠ్. బొంబాయి వీధుల్లో తీసిన నలుపు తెలుపు ఫొటోలతో ఆమె పుస్తకం 'బాంబే మిక్స్' 2007లో వచ్చింది. ఇంగ్లాండులో మన మిక్చరు పొట్లాన్ని ఆ పేరుతోనే అమ్ముతారు. కారప్పూస, పల్లీలు, బఠాణీలు, కరివేపాకు అన్నీ ఒకే గుప్పిట్లో. పేరు పెట్టడంలోనే సగం సంగతి చెప్పేశారు. ఒక్క మనిషిని నడిమధ్య నిలబెట్టి తక్కిన లోకాన్ని మసక చెయ్యడం ఆమె పద్ధతి కాదు. ఒకే చట్రంలో నలుగురైదుగురు, ఎవరి లోకంలో వాళ్లు, ఎవరూ ఎవరికీ ముఖ్యం కాదు. చూడగా చూడగా వాళ్ల మధ్య ఏదో ఉన్నట్టుంటుంది. మన చాల్ వరండాల్లో బతికినవాళ్లకి ఆ లెక్క బాగా తెలుసు. పక్కగదిలో గొడవ, ఎదురుగదిలో పూజ, మధ్యలో మన పిల్లవాడి ఎక్కాలు.

ఆమెదే ఇంకో పుస్తకం, 'ఫొటో స్టూడియో', 2018లో వచ్చింది. అంతవరకూ నలుపు తెలుపులో పనిచేసిన మనిషి ఈ పుస్తకం కోసం రంగుల్లోకి వచ్చారు. పాతకాలపు స్టూడియోలు, రంగులు వేసిన పరదాలు, ప్లాస్టిక్ పూలు, ఎవరూ కూర్చోని కుర్చీలు. సెల్‌ఫోన్లు వచ్చాక ఆ స్టూడియోలకు పాస్‌పోర్టు ఫొటోల పని తప్ప పెద్దగా ఏమీ మిగల్లేదు. నేను మొదట చెప్పిన ఆల్బంలోని పరదా, బల్ల, కాగితం పూలు ఇలాంటి చోట్లనుంచి వచ్చినవే. వీధిలో జనాన్ని తీసిన కళ్లే ఆ పరదాలను కూడా గుర్తుపెట్టి చూశాయంటే నాకు ఆశ్చర్యం లేదు. ఇవాళో రేపో వెళ్లిపోబోయేదాన్ని పసిగట్టడమే ఆ కళ్లకు అలవాటు.

అన్నట్టు, స్టూడియో అంటే తక్కువేం కాదు. హైదరాబాదులో రాజా దీన్ దయాళ్ 1892లో ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారు. ఘోషా స్త్రీలు గడప దాటి ఫొటో తీయించుకోవడమే ఆ రోజుల్లో పెద్ద మాట. కాని ఆ ముఖాలు కూడా ఇవాళ్టికీ మనవైపు బిగుసుకునే చూస్తున్నాయి.

ఇప్పుడు సూనీ తారాపోర్‌వాలా గురించి చెప్పాలి. ఈ వ్యాసం రాయాలనిపించింది అసలు ఆవిడ వల్లనే. 1988లో వచ్చిన 'సలామ్ బాంబే' సినిమా చూసినవాళ్లకు ఆ స్క్రీన్‌ప్లే రచయిత్రిగా ఆమె పేరు తెలిసే ఉంటుంది. 1957లో బొంబాయిలో పార్సీ కుటుంబంలో పుట్టారు. అమెరికాలో హార్వర్డులో చదువుకుంటూ, 1977లో గదిలో ఉండే స్నేహితురాలి దగ్గర అప్పు చేసి మొదటి కెమెరా కొనుక్కున్నారు. సెలవు పెట్టి ఇంటికొచ్చి ఏం తీశారు? తాజ్‌మహలు కాదు, గేట్‌వే కాదు. ఇంట్లో తాత, మామ్మ, మేనమామలు, అత్తలు, ఇంటి బయట వీధి. చదువుకున్న పిల్ల ఇంత ఖరీదైన కెమెరాతో తాతయ్య బనియను ఫొటో తీస్తున్నదేమిటని ఆ ఇంట్లోనూ ఎవరో ఒకరు అని ఉంటారు. మన ఇళ్లలో అయితే తప్పకుండా అంటారు.

తరువాత 1982లో ప్రసిద్ధ రంగుల ఫొటోగ్రాఫర్ రఘుబీర్ సింగ్ ఆ బొమ్మలు చూసి, మొత్తం పార్సీ సమాజం మీద పుస్తకం చెయ్యమని సలహా ఇచ్చారు. పుస్తకం బయటికి రావడానికి 2000 సంవత్సరం దాకా పట్టింది. 'పార్సీస్' అనే ఆ పుస్తకాన్ని ఆమె సొంతంగానే అచ్చు వేసుకున్నారు. పద్దెనిమిదేళ్లు! మనం సంఘం డైరెక్టరీ అచ్చువేయడానికి పట్టిన కాలం గురించి ఇక ఎవరూ కార్యవర్గాన్ని తప్పుపట్టకూడదు.

పార్సీలు మనకంటే చాలా చిన్న సమాజం. 1941 జనాభా లెక్కల్లో లక్షా పద్నాలుగు వేల పైచిలుకు ఉన్నవాళ్లు, 2011 లెక్కల్లో 57,264 మంది. ఇంట్లో మాట్లాడే గుజరాతీ కూడా వాళ్లు వచ్చిచేరిన గడ్డ మీద అందుకున్నదే. అందుకని ఆ పుస్తకాన్ని విడిచిపోతున్నదాని మీద ఏడుపుగా చేసి ఉండవచ్చు. ఆమె అలా చెయ్యలేదు. వాళ్ల విడ్డూరాలు, పాతసామాన్ల మీది మమకారం, ముసలితనంలో కూడా వదలని హాస్యం అన్నీ ఉన్నాయి. లోపలి మనిషి గనక నవ్వగలిగింది. బయటివాళ్లు నవ్వితే అది వెక్కిరింత అయ్యేది. అలాగే ఊరి వీధుల్లో నలభై ఏళ్లు తీసిన బొమ్మలను 'హోమ్ ఇన్ ద సిటీ' పేరుతో 2017లో తెచ్చారు. 1977 నాటి బొంబాయి, 2017 నాటి ముంబై ఒకే అట్టల మధ్య ఉన్నాయి. 2014లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. ఆ సంగతి కన్నా, అప్పు చేసి కొన్న కెమెరాతో తాతను తీసిన సంగతే నాకు పెద్దదిగా కనిపిస్తుంది.

ఇప్పుడు అప్పు చెయ్యక్కర్లేదు. ఆ రోజుల్లో ఒక రీలుకి ముప్ఫయ్యారు బొమ్మలు, ఆ తరువాత కడిగించే ఖర్చు. అందుకని వేలు నొక్కేముందు మనసు పది లెక్కలు వేసేది. ఇవాళ ప్రతి జేబులోనూ ఒక కెమెరా ఉంది. 2020లో ఐఫోన్‌తో తీసిన ఫొటోల అంతర్జాతీయ పోటీలో మొదటి బహుమతి డింపీ భలోటియాకు వచ్చింది. ముంబైలో పుట్టి లండన్‌లో ఉంటున్న ఆమె ఆ బొమ్మను కాశీలో తీశారు. గోడ మీంచి గంగలోకి ముగ్గురు కుర్రాళ్లు దూకుతున్నారు. నేల లేదు, నీళ్లు ఇంకా రాలేదు, గాలిలో కాళ్లూ చేతులూ విరజిమ్మినట్టు పక్షుల్లాగా ఉన్నారు. నలుపు తెలుపు. కాశీ అనగానే మనకు తోచే హారతి, బూడిద, గడ్డాలు ఒక్కటీ అందులో లేవు. ముగ్గురు పిల్లల సంతోషం తప్ప ఇంకేమీ లేదు.

ఈ పని చేసేవాళ్లలో చాలామందికి ఇది జీవనోపాధి కాదు. కౌశల్ పారిఖ్ ముంబైలో మొదలుపెట్టిన 'దట్స్ లైఫ్' బృందంలో హైదరాబాదులో ఉండి తీసే స్వరాత్ ఘోష్ లాంటివాళ్లు ఉన్నారు. ఉద్యోగం ఉద్యోగమే, వీధి వీధే. ఆదివారం పొద్దున్నే కాళ్లు లాగేలా తిరిగి, చెప్పుకోదగ్గది ఒక్కటీ లేకుండా ఇంటికొచ్చే రోజులే ఎక్కువ. భజనకి వెళ్లే భక్తి కన్నా ఇది తక్కువదని నేననుకోను.

అయితే అన్నీ మెచ్చుకోవలసినవే కావు. గోడమీద పులి బొమ్మ, దాని నోటి ముందు నడిచిపోతున్న మనిషి. పోస్టరులో సినిమా తార చెయ్యి, కింద నిద్రపోతున్న రిక్షావాడి తల. ఇలాంటి చమత్కారాలు మొదటిసారి చూస్తే నవ్వొస్తుంది, పదోసారి పొడుపుకథ విప్పినట్టుంటుంది, అంతే. ఇంకా చిరాకు పెట్టేది ఒకటుంది. కాశీ ఘాట్ల మీదా బర్సానా హోలీలోనూ ఒక్క సాధువు చుట్టూ పాతికమంది కెమెరాలు పట్టుకుని మూగుతారు. తీసిన బొమ్మలో సాధువు ఒంటరిగా, ధ్యానంలో ఉన్నట్టుంటాడు. అది వీధి బొమ్మ కాదు, పరదా లేని స్టూడియో.

మొహమాటంతో దాటేయకూడని సంగతి ఇంకొకటి ఉంది. అడగకుండా ఒకరి ముఖం తీసుకోవచ్చా?

చట్టం మాట అటుంచుదాం. బహిరంగ స్థలంలో ఫొటో తీయకూడదనే సాధారణ చట్టం మన దేశంలో లేదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ రెండింటి మధ్య చాలా ఖాళీ ఉంది. ఆ ఖాళీని నింపవలసింది మర్యాదే. మన తెలుగువాళ్లకి ఈ ప్రశ్న ఊరికే వచ్చింది కాదు. ముంబైలో కామాటిపుర అనే పేట ఉంది. ఆ పేరు వింటే ఇవాళ లోకానికి ఒకటే తోస్తుంది. కాని ఆ పేరు వచ్చింది కామాటీల వల్ల. పద్దెనిమిదో శతాబ్దం చివరినుంచి నిజాం సీమ నుంచి రాళ్లు మొయ్యడానికీ ఇళ్లు కట్టడానికీ వచ్చిన తెలుగు కూలీలు వాళ్లు. ఈ నగరం పునాదుల్లో వాళ్ల చెమట ఉంది. అంకెలతో పిలిచే ఆ గల్లీల్లో గుళ్లు కట్టారు, పిల్లల్ని పెంచారు, బతుకమ్మ ఆడారు. ఆ బొమ్మలు ఏవి?

ఆ పక్కనే ఉన్న ఫాక్‌లాండ్ రోడ్డు మీద మేరీ ఎలెన్ మార్క్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ పుస్తకం 1981లో వచ్చి ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. ఆమె కష్టాన్ని తక్కువ చెయ్యను. పదేళ్లపాటు ప్రయత్నించినప్పుడల్లా అక్కడి స్త్రీలు చెత్త విసిరారు, నీళ్లు పోశారు. 1978లో మళ్లీ వచ్చి, రోజుల తరబడి ఆ వీధిలోనే గడిపి, ఒక్కొక్కరితో స్నేహం చేసుకున్నాక గాని తీయలేదు. దొంగచాటుగా తీసిన బొమ్మలు కావవి. పుస్తకంలో ఆ స్త్రీల మీద దయ ఉంది. అయినా, పక్కవీధిలో వందేళ్లకు పైగా కాపురాలు చేసుకున్న తెలుగువాళ్ల గల్లీకి లోకంలో మిగిలిన బొమ్మ అదొక్కటే కావడం నాకు కష్టంగా ఉంటుంది. తప్పు ఆమెది కాదు. మనలో ఒక సూనీ లేకపోయింది.

ఇప్పటికైనా సమయం ఉందా అంటే, కొంచెమే ఉంది. 1982 జనవరి 18న మొదలైన సమ్మెతో బొంబాయి మిల్లుల కథ దాదాపు ముగిసింది. ఆ మిల్లుల్లో పనిచేసిన రెండున్నర లక్షలమందిలో మనవాళ్లు ఎందరో. కోలారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. 1920లలో కట్టిన బి.డి.డి. చాల్‌లు ముంబైలో 207 ఉండేవి, ఒక్కొక్క గది 160 చదరపు అడుగులు. వాటిని పడగొట్టి టవర్లు కడుతున్నారు. వర్లీలో 2025 ఆగస్టులో 556 కుటుంబాలకు కొత్త ఫ్లాట్ల తాళాలు ఇచ్చారు. అయిదువందల చదరపు అడుగులు, సొంత మరుగుదొడ్డి. ఎవరూ బాధపడవలసిన పని లేదు, మంచిదే. ఉమ్మడి మరుగుదొడ్డి ముందు బకెట్టుతో నిలబడ్డవాళ్లకి తెలుసు అదెంత మంచిదో. పాత గది మీద బెంగ పెట్టుకునే సౌఖ్యం అందులో కాపురం చెయ్యనివాళ్లదే. పోయేది గది కాదు, వరండా. అక్కడ ఎండబెట్టిన వడియాలకి ఎవరి పిల్లలు కాపలా ఉండేవారో ఆ సంగతి.

మన సంఘంలోనే ఒక అమ్మాయి ఉంది. పేరు రాయొద్దని షరతు పెట్టింది. కాలేజీలో చదువుతూ, ఏడాదిగా ప్రతి ఆదివారం వర్లీలో మన పద్మశాలి కుటుంబాలు ఉండే ఒక గల్లీలో ఫొటోలు తీస్తున్నది. ఆమె పద్ధతి నాకు నచ్చింది. మొదటి రెండు నెలలు కెమెరా సంచిలోంచి తియ్యనే లేదట. ఊరికే వెళ్లి కూర్చుని, ఎవరిది ఏ ఊరో, ఏ మిల్లులో చేశారో వింటూ వచ్చింది. ఆ తరువాత తీయడం మొదలుపెట్టింది. ఎవరి ఫొటో తీసినా మరుసటి ఆదివారం కాగితం మీద అచ్చు వేయించి తెచ్చి వాళ్ల చేతికి ఇస్తుంది. వెనక తారీఖు, గల్లీ పేరు, వాళ్ల సొంత ఊరు రాస్తుంది. వద్దన్నవాళ్ల బొమ్మ వాళ్ల ఎదురుగానే చెరిపేస్తుంది.

అక్కడ ఆమెకు ఎదురైన అసలు చిక్కు అనుమతి కాదు, పరువు. "మన పేదరికం పదిమందికీ చూపిస్తావా?" అని ఒక పెద్దాయన నిలదీశారు. ఆయన మాటని తీసిపారేయడానికి లేదు. మురికివాడ బొమ్మ తీసి పేరు తెచ్చుకుని, మళ్లీ ఆ గల్లీ ముఖం చూడనివాళ్లని ఆయన చూసి ఉంటారు. ఆ అమ్మాయి వాదించలేదు. అప్పటికి తీసినవన్నీ తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన అన్నీ చూసి, నాలుగు పక్కకి తీసి, ఇవి ఎవరికీ చూపించొద్దన్నారు. అందులో రెండు ఆమెకు ప్రాణం. అయినా చూపించనని మాటిచ్చింది. నాకు కూడా చూపించలేదు.

నేను చూసినవాటిలో ఒకటి ఎనభై దాటిన ఒకావిడ బొమ్మ. పొద్దున్నే కుళాయి దగ్గర, నెత్తిమీద కొంగు, చేతిలో ప్లాస్టిక్ డబ్బా, పక్కన నిలబడ్డ పిల్లవాడిని ఏదో కసురుతూ, కసురుతూనే నవ్వుతూ ఉంది. వెనక గోడ మీద ఏటవాలుగా ఎండ. రఘు రాయ్ చూసినా ఓ నిమిషం ఆగుతారనిపించింది నాకు. ఆ బొమ్మ తీయగానే ఆవిడ ఊరుకోలేదట.

"గీ నల్లకాడ ఫొటో ఏంది బిడ్డా? ఇంట్ల పట్టుచీర ఉన్నది, కట్టుకొనొస్త, జర ఆగు" అన్నదట.

"ఇట్లనే మంచిగున్నవ్ అమ్మమ్మా" అన్నా వినలేదు. ఆగక తప్పలేదు. అరగంటకు పట్టుచీర కట్టుకుని, తల దువ్వుకుని, బొట్టు పెట్టుకుని వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డది. ఊపిరి బిగబట్టి, చేతులు రెండూ పక్కకి వేలేసి, ఎదురుగా చూస్తూ. అచ్చం మన ఆల్బంలో ముత్తాతలాగానే.

ఆ అమ్మాయి రెండూ అచ్చు వేయించి తీసుకెళ్లింది. ఆవిడ కుళాయి దగ్గరి బొమ్మని కాసేపు చూసి పిల్లవాడికి ఇచ్చేసింది. వాడు దాన్ని స్కూలు సంచిలో దాచుకున్నాడు. పట్టుచీర బొమ్మకి మాత్రం ఇంకో మూడు కాపీలు కావాలన్నదట, ఒకటి సిరిసిల్లలో ఉన్న చెల్లెలికి పంపడానికి.